మాట్లాడకూడని జీపు

ఆయన్ని పేటలో అందరూ రేడియో అంటారు. క్షౌరశాల నడిపేవాడికి నాలుగు మాటలు రావడం వింతేమీ కాదు గానీ, ఆయన కుర్చీలో కూర్చున్నవాళ్ళు తల తేలికై, చెవులు బరువెక్కి బయటికొస్తారు. షాపు మూశాక కూడా ఆ నోటికి సెలవు ఉండదు. ఇంటి గుమ్మంలో చెప్పులు విప్పుతూ మొదలుపెడితే దీపం ఆర్పేదాకా అదే ధార.

ఆయన భార్య కళ్ళజోళ్ళ దుకాణంలో వెనకగదిలో కూర్చుని అద్దాలు అరగదీస్తుంది. యంత్రం పొద్దస్తమానం గీపెడుతూనే ఉంటుంది. ఇల్లు చేరాక కాసేపు చెవులకు విశ్రాంతి దొరికితే చాలని ఆమె కోరిక. ఆ కోరికను కాపురం మొత్తంలో ఒక్కసారి కూడా పైకి చెప్పలేదు. తాగడు, తిట్టడు, ఒకరి జోలికి పోడు. అలాంటి మనిషిని నోరు మూసుకోమని ఏ ముఖంతో అంటుంది?

ఆ ఏడాది ఇద్దరూ కలిసి సెలవులకు ఎక్కడికైనా వెళ్దామనుకున్నారు. ఆమె ఆడపడుచు యాత్రలు ఏర్పాటు చేసే ఆఫీసులో పనిచేస్తుంది. రంగురంగుల కాగితాలు తెచ్చి బల్ల మీద పరిచింది.

“సముద్రానికి వెళ్ళండి వదినా. పెద్ద పడవ, బోలెడు మంది, సందడిగా ఉంటుంది. అడవి అయితే పొద్దున్నే జీపులో లోపలికి తీసుకెళ్తారు. కానీ అక్కడ నోరు మెదపకూడదు. గుసగుసలాడినా జంతువులు పారిపోతాయట. మా అన్నయ్యని తీసుకెళ్తే అడవి అడవంతా ఖాళీ అయిపోతుంది” అని పకపకా నవ్వింది.

వదిన నవ్వలేదు. ఆమె మనసు ఆ నోరు మెదపకూడదన్న ముక్క దగ్గరే ఆగిపోయింది. “అడవికే మా పేర్లు రాయి” అంది.

“నీకు జంతువులంటే అంత ఇష్టమని నాకు తెలీదే!” అన్నాడాయన.

“ఏనుగుని దగ్గర్నుంచి చూడాలని ఎప్పట్నుంచో ఉంది” అని తడుముకోకుండా అబద్ధం ఆడేసింది.

ఆయన ఆ మాటను తలకెక్కించుకున్నాడు. బూడిదరంగు చొక్కాలు కొన్నాడు. ఎవరి దగ్గరో పాత బైనాక్యులర్స్ అడిగి తెచ్చాడు. ఒక ఆదివారం పొద్దున బాల్కనీలో రెండు కుర్చీలు వేసి, “రా, అలవాటు చేసుకుందాం. నా నోటి దూలకి నీ ఏనుగు పారిపోతే ఆ పాపం నన్ను వదలదు” అన్నాడు.

ఎదురింటి డాబా మీద పావురాలు వాలాయి. అవే అడవి మంద అనుకోవాలి. కాసేపు బిగబట్టుకుని కూర్చున్నాడు. బుగ్గలు ఉబ్బాయి. చివరికి ఆగలేక, “ఆ లావుపాటిది చూడు, అచ్చం మన ఇంటి ఓనర్లాగే నడుస్తోంది” అనేసి, నాలిక్కరుచుకున్నాడు. పావురాలు ఎగిరిపోయాయి.

అయినా వదల్లేదు. వారాలు గడిచేకొద్దీ పట్టు చిక్కింది. టీ చల్లారిపోయేదాకా పెదవి విప్పకుండా కూర్చోగలుగుతున్నాడు. ఆ మౌనం ఆదివారాలు దాటి మామూలు రోజుల్లోకి కూడా పాకింది. భోజనం దగ్గర కూడా తల వంచుకుని తిని లేస్తున్నాడు. పక్కింటావిడ ఆమెను మెట్ల మీద ఆపి, “రేడియోకి ఒంట్లో బాలేదా?” అని అడిగింది.

మొదట్లో ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టుంది. కుళాయి చుక్క, పంకా కిర్రు, పైఅంతస్తులో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు, అన్నీ కొత్తగా వినబడ్డాయి. ఆ తర్వాత ఒక సాయంత్రం ఆయన వైపు చూసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ తలలో ఏం నడుస్తోందో ఆమెకు అంతు చిక్కలేదు. ఇన్నేళ్ళూ ఆయన్ని ఏదీ అడగాల్సిన అవసరమే రాలేదు. అడగకముందే చెప్పేవాడాయె. ఇప్పుడు అడగాలంటే మాట ఎలా మొదలుపెట్టాలో తోచలేదు.

మర్నాడు ఇద్దరికీ సెలవు. మధ్యాహ్నం పక్కన కూర్చుని, “ఏమండీ, ఏం ఆలోచిస్తున్నారు?” అంది.

“మాట్లాడొచ్చా?”

“మాట్లాడండి.”

“మన బిడ్డ గుర్తొచ్చింది.” ఆయన గొంతు తగ్గింది. “పురిట్లోనే పోయింది కదా. ఆ తర్వాత నువ్వు నోరు విప్పడం మానేశావు. ఇల్లు ఇదిగో, ఇలాగే ఉండేది. నాకా, మాటలు వచ్చేవి కావు. మా అమ్మ నన్ను మూగెద్దు అని పిలిచేది. షాపులో విన్న కబుర్లన్నీ పోగేసి తెచ్చి నీ ముందు వాగేవాణ్ణి. ఒకాయన సగం మీసం గీయించుకుంటుంటే వియ్యంకుడు లోపలికొచ్చాడు. ఇద్దరికీ మాటల్లేవు. ఈయన తువ్వాలు మొహానికి కప్పుకుని వెనక తలుపులోంచి పరుగు. అది చెబితే నువ్వు నవ్వావు. కొంచెమే. మర్నాటి నుంచి ఇంకా ఎక్కువ పోగేసుకొచ్చాను. ఎప్పుడు ఆపాలో ఎవరూ చెప్పలేదు.”

ఆమెకు ఆ నవ్వు గుర్తు లేదు. ఆ రోజులు తలుచుకుంటే చెవిలో జోరీగలా ఒక గొంతు మాత్రమే గుర్తొస్తుంది. అది తనను బతికించిన గొంతు అని ఎన్నడూ అనుకోలేదు. కళ్ళు తుడుచుకుంది. ఇక దాచడం తన వల్ల కాలేదు.

“నాకు ఏనుగు మీద ఆశేమీ లేదండీ. అక్కడ మీరు మాట్లాడరని అడవికి రాయించాను.”

ఆయన మొహం చిన్నబోయింది. లేచి బాల్కనీలోకి వెళ్ళి, బైనాక్యులర్స్ తీసుకుని చొక్కా అంచుతో తుడుస్తూ నిలబడ్డాడు. ఆమె పిలవలేదు. చాలాసేపటికి తనే తలుపు దగ్గరికి వచ్చాడు.

“ఇన్నేళ్ళూ విసుగ్గానే ఉందా?”

“కొన్ని రోజులు. అన్ని రోజులూ కాదు.”

“ఏ రోజులు?”

ఆమె దాటవేయలేదు. ఆలోచించి చెప్పింది. మందపు అద్దాలు ఎక్కువ వచ్చిన రోజుల్లో యంత్రం రొద తలలోకి దిగిపోతుందని, ఇంటికొచ్చినా అది ఆగదని, ఆ రొద మీద ఇంకో గొంతు పడితే ఏడుపొస్తుందని చెప్పింది.

“అంత మోతా? ఒక్కసారైనా చెప్పలేదేం?”

“సందిస్తేగా!”

ముందు ఆయనకే నవ్వొచ్చింది.

ఆడపడుచుకి సంగతి తెలిసి, “అన్నయ్యా, ఇంకా టైముంది, సముద్రానికి మార్చేయనా?” అని అడిగింది. “అక్కర్లేదమ్మా, ఇంత సాధన చేశాక వృథా చేసుకుంటానా?” అన్నాడాయన.

వెళ్ళారు. మొదటి రెండు పొద్దులూ జింకలు తప్ప ఏమీ కనబడలేదు. ఆఖరి రోజున చెట్ల సందులో ఒక ఏనుగు వీపు, ఒక చెవి కనబడి, ఆకుల్లో కలిసిపోయాయి. ఆశ లేదన్న మనిషి ఊపిరి బిగబట్టి ఆయన మోచెయ్యి పట్టుకుంది. జీపు గేటు దాటాక డ్రైవరు, “ఇక మాట్లాడుకోవచ్చు” అన్నాడు. వెనక సీట్లవాళ్ళు ఒక్కసారిగా మొదలుపెట్టారు. ఆయన మాత్రం ఆమె వైపు తిరిగి, “నువ్వు చెప్పు” అన్నాడు.

“దాని చెవి అంచు చిరిగి ఉంది, చూశారా?” అని మొదలుపెట్టి, ఆమె దారిపొడుగునా చెబుతూనే ఉంది. మధ్యలో రెండుసార్లు ఆయన నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. మూడోసారి ఇక ఆగలేకపోయాడు.