ఆముదం పట్టిన తోలు

ఖాదర్ మొహిద్దీన్ మొదట అడిగింది ఒకటే.

"అక్కా, ఇది రెక్సిన్ కాదు గదా?"

రెక్సిన్ అయితే ఆయన కోయడు. లేజర్ తగిలితే దాని పొగ గొంతు పట్టుకుంటుంది, మిషన్ లోపలి ఇనుము తుప్పు పడుతుంది. కడప బస్టాండు వెనక సందులో ఆయన లేజర్ కోత దుకాణం ఉంది. నేమ్‌ప్లేట్లు, కబడ్డీ పోటీల షీల్డులు, షాపుల బోర్డుల అక్షరాలు చేస్తాడు. చెక్క, అట్ట, అక్రిలిక్ కోస్తాడు. పర్సుల మీద పేర్లు చెక్కాడు గానీ మందం తోలు ఎప్పుడూ కోయలేదు.

"రెక్సిన్ కట్టుకోనే కాలు పుండు పడింది. ఇది దున్నతోలు," అంది రత్నమణి.

ఆమెది వేంపల్లె. అంగన్‌వాడీ టీచరు. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు సన్నబడింది. తొడ నుంచి మడమ దాకా రెండు ఇనుప కడ్డీలు, వాటిని కాలికి బిగించే తోలు పట్టీలు, మోకాలి మీద ఒక తోలు బిళ్ల ఉంటే ఆ కాలు నిలబడుతుంది. కాలిపర్ అంటారు దాన్ని. కడ్డీలు ఆస్పత్రిలో ఇచ్చారు. పట్టీలు మాత్రం ఎప్పుడూ ఆమె తండ్రి ఏసన్న కోసినవే. చెప్పులు కుట్టే ఏసన్నకు నిరుడు పక్షవాతం వచ్చింది. కుడిచేతి వేళ్లకు పట్టు పోయింది. ఆ తర్వాత పట్టీలు తెగాయి. అంగట్లో దొరికిన రెక్సిన్ పట్టీలు కడితే మోకాలి వెనక పుండు పడింది.

పుండు మానింది. కాలిపర్ మూలన ఉంది. రత్నమణి ఇప్పుడు కుడిచేయి తొడ మీద ఊని, మోకాలిని వెనక్కి నొక్కుతూ నడుస్తోంది. ఒక చేయి కాలికే పోతే అంగన్‌వాడీలో పిల్లను ఎత్తుకోవడం కుదరదు, అన్నం గిన్నె దించడం కుదరదు. పెట్టిన సెలవు ఆదివారంతో అయిపోతుంది.

ఏసన్న ఇంట్లో ఒక తోలు మిగిలింది. తంగేడు బెరడుతో పదును చేసినది. అలా పదును చేసేవాళ్లు ఆ చుట్టుపక్కల ఇప్పుడు లేరు. బజారు తోలు చెమటకు సాగుతుంది. ఉన్న ఈ ఒక్క తోలు పాడైతే మళ్లీ రెక్సినే గతి.

రత్నమణి తెచ్చింది ఆ తోలు అంచు ముక్క, కొలతకు పాత పట్టీలు. ఖాదర్ ముక్కను మిషన్‌లో పెట్టాడు. ఒకేసారి గట్టిగా కోయబోతే అంచు బొగ్గయింది. వేడి తగ్గించి, గాలి గొట్టం దగ్గరకు జరిపి, అదే గీత మీద మళ్లీ మళ్లీ పోనిచ్చాడు. తెగింది.

సందులో వాసన పాకింది. ఎదురుగా టీ అంగడి నడిపే ఈరన్న వచ్చి గడపలో నిలబడ్డాడు.

"ఏం భాయ్, మేకకాళ్లు కాలుస్తాండావా? చెప్తే నేనూ రెండు జతలు తెచ్చిస్తా గదా."

"కాళ్లే ఈరన్నా. అక్క కాలికే కోస్తాండా."

ఈరన్న రత్నమణి వైపు చూసి నాలుక కరుచుకున్నాడు. ఆమె నవ్వింది.

"శనివారం తోలు తీసుకురా అక్కా," అన్నాడు ఖాదర్. "పాత పట్టీలు ఈడనే పెట్టిపో. కంప్యూటర్లో గీసి పెడతా."

శనివారం పొద్దున ఏసన్న కూడా వచ్చాడు. తోలు గోనెసంచిలో చుట్టి ఎడమ చంకన పెట్టుకున్నాడు. రత్నమణి భుజాన సంచిలో కాలిపర్ ఉంది. ఏసన్న మిషన్ చుట్టూ తిరిగి చూశాడు.

"దీనికి కత్తి యాడుండాది నాయినా?"

"కత్తి లేదు పెద్దాయనా. వెలుగే కోస్తాది."

"వెలుగా! ఇన్నేండ్లు నేను ఎండలోనే కూచుంటి. ఒక్క చెప్పన్నా తెగల్యా."

ఖాదర్ నవ్వుతూ తోలు పరిచాడు. మొన్నటి ముక్క కంటే రంగు కాస్త నలుపుగా ఉంది. తోలులో ఒకచోట ఉన్న రంగు ఇంకోచోట ఉండదు కదా అనుకున్నాడు. ఆముదం వాసన కూడా వచ్చింది. పెద్దాయన తలకు రాసుకున్నాడనుకున్నాడు.

మూత వేసి, మొన్నటి లెక్కలే పెట్టి మిషన్ నడిపాడు. మొదట మోకాలి బిళ్ల. గీత ఒక మూల తిరిగింది. రెండోసారి అదే గీత మీదకు రాగానే మంట లేచింది. చెక్కకు లేచి గాలికి ఆరిపోయే మంట కాదు. అది గీత వెంట పాకింది.

ఖాదర్ ఎర్ర బటన్ కొట్టాడు. మూత ఎత్తి పక్కనున్న తడి గోనె మంట మీద వేసి అదిమాడు. పొగకు ముగ్గురూ బయటికి వచ్చారు. ఈరన్న బిందెతో పరిగెత్తుకొచ్చాడు.

"నీళ్లొద్దు! కరెంటు ఉండాది!" అని అరిచాడు ఖాదర్.

పొగ తగ్గాక గోనె తీశారు. తోలులో ఒక మూల అరచేయి మేర కాలి ముడుచుకుంది. ఖాదర్ ఆ పక్కన వేలితో రుద్దుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"పెద్దాయనా, దీనికేం పూసినావు?"

"ఏం పూస్తా? ఆముదం."

"ఆముదమా!"

"మందం తోలు కోసేముందు రోజు ఆముదం పట్టిచ్చి, గోనెలో చుట్టిపెట్టాల. లేకుంటే కత్తి జారతాది. ఇది తెలీకనే అంగడి పెట్టుకున్యావా?"

"కత్తి జారకుండా పూసేది మంటకు పూస్తారా? దీపంలో పోసేది గదా అది!"

"నువ్వు చెప్తివా పూయొద్దని?"

ఖాదర్ చెప్పలేదు. చెప్పాలని తట్టలేదు. ఏసన్నకు అడగాలని తట్టలేదు. ఆముదం పట్టని తోలు ఆయన లెక్కలో కోతకు వచ్చిన తోలే కాదు.

"నువ్వన్నా చెప్పొద్దా నాయినా," అంది రత్నమణి.

"నీ పట్టీలకు ఏ పొద్దు పూయకుండా కోసినానమ్మా?" అన్నాడు ఏసన్న. గొంతు తగ్గింది. ఎడమచేత్తో కాలిన మూలను తడిమాడు.

రత్నమణి స్టూలు మీద కూర్చుంది. కాలిన మూల వైపు కాదు, మిగిలిన తోలు వైపు చూసింది.

"ఖాదరన్నా, మిగిలిందాంట్లో సరిపోతాయా?"

ఖాదర్ తోలును కొలిచి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తెర మీద పట్టీలను తిప్పి, జరిపి, ఒకదాని పక్కన ఒకటి ఇరికించాడు. తొడ పట్టీలు రెండూ పట్టాయి. మోకాలి బిళ్ల పట్టింది. పిక్క పట్టీల్లో ఒకటి పట్టింది. రెండోది ఎటు తిప్పినా చివర బయటికే వస్తోంది.

"ఒకటి పొట్టి పడతాది అక్కా."

ఏసన్న లేచి తెర దగ్గరికి వచ్చాడు.

"ఎంత పొట్టి?"

ఖాదర్ వేళ్లతో చూపించాడు.

"బకిల్ కాడ ఎట్లయినా మడిచి బిగించాల్సిందే. ఆడ రెండు ముక్కలైతే ఏమైతాది? చిన్నముక్క ఆ సందులో రాదూ?"

ఖాదర్ పట్టీని రెండు చేసి చిన్నముక్కను తొడ పట్టీ పక్కన పెట్టాడు. పట్టింది.

ఇక మిగిలింది ఆముదం. ఎండలో పెడితే పోతుందని ఖాదర్, కుంకుడు రసంతో కడిగితే పోతుందని ఏసన్న, పెట్రోలు పోస్తే పోతుందని ఈరన్న అన్నారు. పెట్రోలు మాట విని ఖాదర్ ఈరన్నను చేయి పట్టుకుని గడప దాటించాడు.

"చీర మీద నూనె పడితే పౌడరు అద్దుతాం," అంది రత్నమణి. "పొద్దుటికి నూనె దాంట్లోకి వచ్చేస్తాది. ఇంత తోలుకు పౌడరు చాలదు. ముగ్గుపిండి దొరుకుతాదా?"

ముగ్గుపిండి ఖాదర్ ఇంట్లో ఉండదు. రత్నమణి ఇంట్లోనూ ఉండదు. ఈరన్న భార్య డబ్బా నిండా పంపించింది. రత్నమణి పొడిని పెనం మీద వేడి చేయించి తోలుకు రెండు వైపులా మందంగా అద్దింది. మిద్దె మీద ఎండలో రేకు మీద పరిచి పైన నాపరాయి పెట్టారు. తెల్ల పొడి పసుపు రంగుకు తిరిగాక దులిపి మళ్లీ అద్దారు.

"ముగ్గెయ్యనోళ్లం ముగ్గురం కూచోని ముగ్గుపిండి పూస్తాండాం," అన్నాడు ఖాదర్.

"సంకురాత్రికి మా వాకిట్లోకి రండప్పా, పని ఇస్తాది మా ఇంటామె," అని కింద నుంచి ఈరన్న అన్నాడు.

మధ్యాహ్నం దాటాక దులిపితే పొడి తెల్లగానే రాలింది. ఖాదర్ ఈలోగా మసి పట్టిన లెన్సు తుడిచాడు. పగల్లేదు. కాలిన మూల పక్క నుంచి చిన్న బద్ద కోసి చూశాడు. మంట లేచింది గానీ గాలికి ఆరిపోయింది. వేడి ఇంకా తగ్గించాడు. తోలును తడిగుడ్డతో ఒత్తి, లోపలి వైపు పైకి పెట్టి, అంచులు లేవకుండా అయస్కాంతాలు పెట్టాడు. తడి గోనె చేతిలోనే పట్టుకున్నాడు.

మిషన్ కదిలింది. పొగ గొట్టంలోకి పోయింది. గీత మీదుగా వెలుగు పోయింది, మళ్లీ పోయింది. ఎన్నిసార్లు పోయినా ముక్క విడిపడలేదు. రత్నమణి చీర కొంగు పట్టుకుని మూత అద్దంలోంచి చూస్తోంది. ఏసన్న గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

మోకాలి బిళ్ల మిషన్ అడుగున జాలీ మీదకు పడిన చప్పుడు వినిపించింది.

"పడిందా?" అన్నాడు ఏసన్న, తిరగకుండానే.

"పడింది నాయినా."

తర్వాత పట్టీలు ఒక్కొక్కటే పడ్డాయి. బకిళ్ల రంధ్రాలు కూడా మిషనే పెట్టింది. చెప్పులు కుట్టే ఆరెతో రంధ్రాలు పొడిచే పని తప్పింది. ఏసన్న ఒక పట్టీ తీసి అంచు మసిని తడిగుడ్డతో తుడిచాడు. వంచి చూశాడు. గోరుతో గీరాడు.

"అంచు మూసుకుపోయింది. దీనికి నేను మైనం రుద్దేవాణ్ణి." పట్టీని రెండోవైపు తిప్పి, "గీత వంకర పోల్యా," అన్నాడు.

"మెచ్చుకుంటాండావా పెద్దాయనా?"

"ఆముదం పడని మిషన్‌ను ఏం మెచ్చుకునేది?"

పట్టీలు ఆరాక ఏసన్న పాత బకిళ్లు పెట్టాడు. ఖాదర్ రివెట్లు పట్టుకుంటే, ఏసన్న ఎడమచేత్తో సుత్తి కొట్టాడు. ఒక దెబ్బ ఖాదర్ వేలి మీద పడింది.

"యా అల్లా!"

"పొద్దున నా తోలు కాల్చినావు గదా. సరిపోయింది."

రత్నమణి లోపలి గదిలోకి పోయి కాలిపర్ కట్టుకుని వచ్చింది. గడప దగ్గర ఆగి, పట్టీ ఒక రంధ్రం బిగించింది. నిలబడింది. కుడిచేయి అలవాటుగా తొడ మీదకు పోయింది. ఆమె దాన్ని తీసేసింది. సందులోకి దిగి, ఈరన్న అంగడి దాకా నడిచింది.

ఏసన్న మెట్టు మీద నుంచి ఆమె మోకాలినే చూస్తున్నాడు.

"రాసుకుంటాందామ్మా?"

"లేదు నాయినా."

ఈరన్న టీ పోసి, "ఉండమ్మా, నేను తెచ్చిస్తా," అన్నాడు.

"నేనే తీసుకుపోతాలే," అంది రత్నమణి. రెండు చేతుల్లో రెండు గ్లాసులు పట్టుకుని వెనక్కి తిరిగింది. ఒకటి తండ్రికి ఇచ్చింది. రెండోది ఖాదర్‌కు ఇచ్చి, తన గ్లాసు కోసం మళ్లీ సందు దాటింది.