పదికి తొమ్మిది

ప్రకంపనల్ని గీసే యంత్రం డోలుకు చుట్టిన కాగితాన్ని విప్పి, బల్ల మీద పరిచి, నాలుగు మూలలా ఇనుప ముక్కలు పెట్టేసరికి ఆవిడకు ఆయాసం వచ్చింది. పెద్ద భూకంపం వచ్చి ఆ రోజుకు పందొమ్మిది రోజులు. భూమి కదలికలు నమోదు చేసే ఆ కేంద్రంలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆవిడ పని ఒక్కటే: గీత ఎక్కడ ఉలిక్కిపడిందో చూసి, పక్కన ఎర్ర పెన్సిలుతో టైము వేయడం. అందరూ గీతలమ్మ అనేవారు. అసలు పేరు హాజరుపట్టీలోనే మిగిలిపోయింది.

ఒక ప్రకంపన మరికొన్నింటిని రేపుతుంది, అవి మరికొన్నింటిని. పది కలిసి తొమ్మిదిని రేపితే ఎప్పటికైనా సద్దుమణుగుతుంది. పదకొండును రేపితే అంతూపొంతూ ఉండదు. కంప్యూటరు లెక్క మూడు రోజులుగా పదకొండు దగ్గరే కూర్చుంది. ఊళ్ళో సగం మంది మైదానంలో డేరాల కింద ఉన్నారు. వాళ్ళలో ఆవిడ అక్క ఒకతె.

"ఇలాగే ఉంటే ఊరు ఖాళీ చేయించమని రాయాలమ్మా," అన్నాడు కొత్తగా వచ్చిన అధికారి.

"ఒక్క పూట ఆగండి బాబూ."

భూతద్దం పట్టుకుని కూర్చుంది. ప్రకంపన చెంపదెబ్బలా ఒక్కసారిగా మొదలై, పోనుపోను సన్నగిల్లుతుంది. ఈ మూడు రోజుల గీతల్లో కొన్ని మెల్లగా లేచి, మెల్లగానే అణిగాయి. శిథిలాలు మోసే లారీలు వెనకరోడ్డున తిరగడం మొదలై సరిగ్గా మూడు రోజులు. మధ్యాహ్నం దాటేదాకా ఒక్కొక్కటే కొట్టేసింది. నూట నలభై రెండు లారీలు.

అధికారి మళ్ళీ లెక్క కట్టి, కుర్చీలో వెనక్కి వాలాడు. "పదికి తొమ్మిదమ్మా. నా కంటికి ఆనలేదు చూడండి."

"మీరు ఈ గీతల ముందు ముప్ఫై ఏళ్ళు కూర్చోలేదు కదా," అని ఆవిడ సంచీ తీసుకుంది.

డేరా ముందు అక్క బట్టలు మడతపెడుతోంది. "ఇంక ఆగిపోయినట్టేనా?"

"పూర్తిగా ఆగదక్కా. పలచబడి, పలచబడి, పాత మామూలుకొస్తుంది. మేస్త్రీ కూడా మనింటి గోడలు బాగున్నాయన్నాడుగా, పద."

"ముందు నువ్వు పోవే. నీకేం కాకపోతే నేనొస్తా."

"మంచి అక్కవే," అని నవ్వి, ఇంటి గేటు దాకా వచ్చి ఆగిపోయిన అక్క చేతిలోంచి తాళంచెవి అందుకుంది. మెట్ల మీద రెండుసార్లు ఆగింది. కిటికీలు తెరిచిన చప్పుడు, వంటింట్లో కుళాయి చప్పుడు. "రా అక్కా, ఏం లేదు," అని ఒక్కసారి వినబడింది.

అక్కకు ధైర్యం చిక్కడానికి గంట పట్టింది. లోపలికి వెళ్ళేసరికి చెల్లెలు కుర్చీలో తల ఓ పక్కకు వాల్చి ఉంది. నిద్రపోతోందనుకుని చెయ్యి పట్టుకుంది. చల్లగా తగిలింది.

అక్క డేరాకు తిరిగి పోలేదు. దుమ్ము దులపని నేల మీద, కుర్చీ కాళ్ళ దగ్గరే కూలబడింది. ఎదురుగా బల్ల మీద, తనకు చూపించడానికే కాబోలు, అంచుదాకా నింపి పెట్టిన గాజుగ్లాసు. అందులో నీళ్ళు తొణకలేదు.