కళ్లజోడు పరీక్ష

మనోహరం పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఫ్రిజ్‌లో పడుకోబెట్టిన ఎర్ర వైన్ సీసాను ఏసీ గదిలో తెరవకూడదన్నది ఆయన పెట్టిన చట్టం. షాపులో అట్టడుగు అరలో దొరికే చవక సీసా అది. అయినా ఆయన దాన్ని ద్రాక్షారసం అనే అంటాడు. వైన్ అన్నాక శుక్రవారం ఆరాధనలో పాస్టరుగారి మొహం ఎలా చూస్తాడు?

ఏటా ఎండలు తగ్గి, వాళ్లుండే ఒమన్ తీరపు ఊరు బర్కాలో మొదటి చల్లగాలి వీచిన సాయంత్రం, భార్య మణికుమారితో బాల్కనీలో కూర్చుని ఆ సీసా తెరవాలి. ఏప్రిల్ నుంచీ మూసిన కిటికీల వెనక, ఏసీ మోతలో, ఇద్దరూ డ్యూటీలూ కరెంటు బిల్లూ తప్ప మరో మాట ఎత్తరు. బాల్కనీలో కూర్చుంటేనే మనసులో మాట బయటికొస్తుంది. ఆయన ఎదురుచూసేది అసలు దానికోసమే.

చల్లగాలి వచ్చిందో లేదో తేల్చేది మణికుమారి కళ్లజోడు. గదిలోంచి బాల్కనీలో అడుగుపెట్టగానే అద్దాలకు ఆవిరి పడితే ఇంకా ఉక్కపోతే. పట్టకపోతే సీసా తెరవచ్చు. రోజూ సాయంత్రం ఆయన తలుపు తీసేవాడు, రోజూ అద్దాలు తెల్లబడేవి. "ఇవాళ కూడా ఉపవాసమే" అని ఆవిడ గోడ తడుముకుంటూ లోపలికి వచ్చేసేది.

ఈ ఏడు ఆయనకు గాభరా పట్టుకుంది. నర్సుగా చేసే మణికుమారిని రెండు గంటల దూరంలో ఉన్న బహ్లా ఆస్పత్రికి మార్చారు. రేపే ప్రయాణం. సెలవులకు వస్తుంది, నిజమే. మొదటి చల్లగాలి ఆవిడ సెలవు చూసుకుని వీస్తుందా? ఆలస్యం అమృతం విషం, గదిలోనే తాగేద్దామని ఆవిడ ఎంత చెప్పినా ఆయన వినలేదు.

ఆ మధ్యాహ్నం పెట్టె సర్దుతూ ఆవిడ ఫోన్‌లో వచ్చిన మెసేజ్ ఆయన చేత చదివించుకుంది. కళ్లజోడు ఎక్కడో పెట్టి మరిచిపోయిందట. పొద్దుగూకే వేళ ఆరేసిన బట్టలు తెస్తానని బాల్కనీలోకి వెళ్లి, వెంటనే ఆయన్ని పిలిచింది.

"చూడండి, చుక్క ఆవిరి లేదు" అంది. కళ్లజోడు ముక్కుమీదే ఉంది. అద్దాలు తళతళలాడుతున్నాయి.

మనోహరం తన ఒంటి మాట కంటే ఆ అద్దాల మాటే నమ్మాడు. పక్కింటివాళ్ల కంటబడకుండా స్టీలు గ్లాసుల్లో పోశాడు. నేరేడుపండు తిన్నాక నాలుక మీద మిగిలే వగరు, ఆ వెనకే సన్నటి తీపి. ఆయన ప్రాణం లేచొచ్చింది.

"అక్కడ ఒక్కత్తినీ ఉండాలంటే భయంగా ఉందండీ" అంది మణికుమారి, రెండు గుక్కలయ్యాక.

బదిలీ సంగతి తెలిసి నెలైనా ఆవిడ ఆ మాట అనలేదు. ప్రతి గురువారం డ్యూటీ దిగి నేరుగా వచ్చేస్తానని ఆయన మాటిచ్చాడు. తనకూ భయంగానే ఉందని కూడా చెప్పేశాడు.

అప్పుడు చూశాడు. గ్లాసు నిండా చెమట పట్టి లుంగీ మీదికి కారుతోంది. బట్టల క్లిప్పుల డబ్బా పక్కన కళ్లజోడు పెట్టె ఉంది. ముట్టుకుంటే వెచ్చగా తగిలింది. మధ్యాహ్నం నుంచీ బయటే వేడెక్కిన అద్దాలకు ఆవిరి ఎలా పడుతుంది?

ఆయన పెట్టెను డబ్బా వెనక్కి నెట్టి, గ్లాసును తువ్వాలుతో తుడిచేశాడు. మెడ మీద కారుతున్న తన చెమట మాత్రం తుడుచుకోలేదు.

"చలేస్తోందా మణీ? దుప్పటి తెమ్మంటావా?"

మణికుమారి పై పెదవి మీద కూడా చెమట బొట్లున్నాయి. ఆవిడ నవ్వి గ్లాసు ముందుకు చాపింది.

"ఇది కూడా అయ్యాక తెద్దురుగాని లెండి."