మైకుగారింటికి పార్సిల్

మా బజారు వీధిలో నన్ను వెనకాల "మైకు" అంటారని నాకు తెలుసు. తెలిసినా కోపం తెచ్చుకోను. ఆ పేరులో కాస్త గౌరవం కూడా కలిసి ఉందని చాలాకాలం నమ్మాను మరి. నాది చెప్పుల కొట్టు. బేరం తక్కువ, తీరిక ఎక్కువ కావడంతో వీధి వర్తకుల సంఘానికి అధ్యక్షుణ్ణి కూడా అయ్యాను. పోటీగా నిలబడినవాళ్ళెవరూ లేరు.

ఫోన్లో సరుకులు కొనే అలవాటు మా వీధిని తినేస్తోందని మొదట గొంతెత్తింది నేనే. ఒక సమావేశంలో అందరి టీలూ చల్లారిపోయేదాకా మాట్లాడాను. "చెప్పులంటే కాలికి తొడుక్కుని, అటూ ఇటూ నడిచి, అద్దంలో చూసుకుని కొనుక్కునేవి. ఫొటో చూసి చెప్పులు కొనేవాడు ఫొటో చూసి అన్నం కూడా తినేస్తాడు" అన్నాను. చప్పట్లు పడ్డాయి. గడియారాలు బాగుచేసే పెద్దాయనైతే లేచి నిలబడి మరీ కొట్టాడు. ఆ ఊపులో, మా ఇంటి గుమ్మం ఇంతవరకూ ఒక్క పార్సిల్ కూడా దాటలేదని, ఇకముందు దాటబోదని అందరి ముందూ ఒట్టు పెట్టేశాను.

ఆ తర్వాత కొద్దిరోజులకే నిచ్చెన మీంచి పడ్డాను. ఒకావిడ ఏదో రకం చెప్పులడిగింది. మా కొట్లో అవి లేవని నాకు తెలుసు. అయినా లేదనడం అలవాటు లేక, "ఉన్నాయమ్మా, పైన ఉన్నాయి" అంటూ ఎక్కాను. దిగడం మాత్రం నిచ్చెనతో సహా దిగాను. పాపం ఆవిడే నన్ను లేపి ఆసుపత్రికి చేర్చింది. ఎముక విరగలేదు గానీ పాదం గుమ్మడికాయలా వాచింది. డాక్టరు కట్టు కట్టి, నెల రోజులు ఇంట్లోంచి కదలొద్దన్నాడు.

అంతకుముందు పగటిపూట మా ఇల్లు ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. మా ఆవిడ ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. పొద్దున వెళ్తే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. ఇంట్లో ఉండేది మా అత్తగారొక్కరే. ఆవిడకు చెవులు పూర్తిగా పోయాయి. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకుంటారు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఎప్పుడూ ఫోను చూస్తూంటే, పాత ఫొటోలు చూసుకుంటున్నారు కాబోలు అనుకునేవాణ్ణి.

ఇంట్లో పడ్డ మొదటి వారంలోనే ఒకరోజు, ఆవిడ ఒళ్ళో ఉన్న ఫోను బుర్రుమని వణికింది. వెంటనే లేచి వెళ్ళి తలుపు తీశారు. గుమ్మంలో వీపున పెద్ద సంచీతో ఒకమ్మాయి నిలబడి ఉంది. ఇద్దరూ చేతులతో ఏదో చెప్పుకుని పకపకా నవ్వుకున్నారు. అంతలో ఆ అమ్మాయి సోఫాలో ఉన్న నన్ను చూసింది.

"అమ్మమ్మగారూ, ఇంటికి చుట్టాలొచ్చారా?"

"చుట్టం కాదమ్మా, అల్లుడు. ఇల్లు ఆయనదే."

"ఓహో, చెప్పుల కొట్టు సారా! సెలవురోజు పార్సిళ్ళు తేవద్దన్నది ఈయన గురించేనా?"

నా ఇంట్లో నేనే చుట్టాన్నయ్యాను. రాత్రి మా ఆవిడ చెప్పులు విప్పకముందే నిలదీశాను.

"ఎన్నాళ్ళ నుంచి జరుగుతోంది ఈ వ్యవహారం?"

"ఏ వ్యవహారం?"

"పార్సిళ్ళు!"

"మీ తల కింద ఉన్న దిండు ఏ కొట్లో కొన్నదనుకున్నారు?"

దిండు తీసి చూశాను. మామూలు దిండులాగే ఉంది. "కాలి కిందది కూడా పార్సిల్లో వచ్చిందే" అంది. ఆ తర్వాత కర్టెన్లు, బల్బులు, టీ వడపోసే జల్లెడ వరకూ చూపించింది. చివరికి నా జుట్టుకి వేసుకునే రంగు కూడా పార్సిల్లోనే వస్తోందని తేలింది. నేను ఒట్టు పెట్టినప్పుడు నా తల మీదే పార్సిల్ ఉందన్నమాట.

"నా డ్యూటీ అయ్యేసరికి కొట్లు మూసేస్తారు. మీరేమో మీ కొట్టు తప్ప ఇంకో కొట్టు మెట్లెక్కరు. ఇంటికి కావలసినవి ఎవరు తేవాలి? అమ్మే చూసుకుంటోంది. మీకు చెప్తే ఉపన్యాసం వినాలి" అంది.

మర్నాడు అత్తగారి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కొట్టుకెళ్ళి పట్టుకుని చూసి కొనుక్కోవడంలో ఉండే తృప్తి గురించి, పెదాలు బాగా కదుపుతూ, నా ఉపన్యాసంలోంచే రెండు ముక్కలు వదిలాను. ఆవిడ ఓపిగ్గా చూశారు.

"కొట్లకు వెళ్ళడం మానేశాను బాబూ. దుప్పటి కావలసింది నాకు. కొట్టువాడు అడిగేది మా అమ్మాయిని. 'ఆవిడకు ఏ రంగు కావాలట?' అంటాడు. నేను పక్కనే ఉంటాను కదా! ఇంకొందరు చెవి దగ్గరకొచ్చి అరుస్తారు. అరుపు వినపడదు, తుంపర్లు మాత్రం పడతాయి. ఇందులో అయితే ఎంతసేపు చూసినా ఎవరూ విసుక్కోరు. నచ్చకపోతే తిరిగి పంపేస్తాను."

"మా కొట్లో అలా ఉండదు అత్తయ్యా" అన్నాను.

"మీ కొట్లో మరీనూ" అన్నారు ఆవిడ, ఏమాత్రం కోపం లేకుండా.

ఆవిడకు పెదాలు చదవడం ఇంత బాగా రాకపోతే బాగుండేదనిపించింది.

నా పతనం దురదతో మొదలైంది. కట్టు లోపల ఎక్కడో దురద. వేలు పోదు, పెన్ను చాలదు. పళ్ళు నూరుకుంటుంటే చూసి అత్తగారు ఫోను నా ముందు పెట్టారు. పొడవాటి పిడితో సన్నటి గోకుడు పుల్లలు! అలాంటి వస్తువు ఒకటుంటుందని నాకు తెలియదు. వాటిలో మళ్ళీ వెదురువి, ఇనుపవి, మడిచేవి. మొహం పక్కకు తిప్పుకుని ఒకదాన్ని వేలితో చూపించాను. అది వచ్చింది. ఆ సుఖం ముందు సంఘం, అధ్యక్ష పదవి అన్నీ చిన్నవైపోయాయి. ఆ తర్వాత ఫోనుకి స్టాండు, చదువుకోవడానికి దీపం తెప్పించాను. అన్నీ అత్తగారి పేరు మీదే. ఒట్టు నాది, పార్సిళ్ళు ఆవిడవి. ఇందులో తప్పు పట్టడానికేముంది?

కట్టు విప్పాక అసలు చిక్కు వచ్చింది. వాపు ఇంకా తగ్గలేదు. నా కాలికి నా కొట్లో సరిపడే జోడు లేదు. వెడల్పుగా ఉండి, పట్టీ కావలసినంత వదులు చేసుకునే చెప్పులు కావాలి. ఇన్నేళ్ళలో ఎంతమంది వాచిన కాళ్ళవాళ్ళు కొట్టుకొచ్చి అవే అడిగారో! "అలాంటివి తయారే కావట్లేదమ్మా" అని అందరికీ ధీమాగా చెప్పి పంపించాను. ఫోన్లో వెతికితే అలాంటివి ఎన్నో, జరిపి జరిపి నా వేలు నొప్పెట్టింది. కాఫీరంగువి తెప్పించుకున్నాను.

అవి వచ్చే రోజునే సంఘంవాళ్ళు నన్ను పరామర్శించడానికి వచ్చారు. గడియారాల పెద్దాయన, బట్టల కొట్టాయన, గిన్నెల కొట్టావిడ. మనుషులు దొరికారు కదా అని నేను మొదలుపెట్టాను. "కాలు పోయినా ఫరవాలేదు గానీ మన వీధి పోకూడదు" అంటుండగా గంట మోగింది. అత్తగారు స్నానానికి వెళ్ళారు. బట్టల కొట్టాయనే లేచి తలుపు తీశాడు.

"సార్, అమ్మమ్మగారి పేరు మీద మీ చెప్పులొచ్చాయి! ఓసారి వేసుకుని చూడండి, పట్టకపోతే ఇప్పుడే వెనక్కి తీసుకెళ్తా" అంది పార్సిళ్ళమ్మాయి, వీధి చివరికి వినబడేలా.

"ఫొటో చూసే కొన్నారా మైకుగారూ?" అంది గిన్నెల కొట్టావిడ.

ఆ పేరుతో నన్ను మొహం మీద పిలవడం అదే మొదటిసారి. అందులో గౌరవం పాలు ఎంతో అప్పుడే తెలిసింది. అంతలో పార్సిళ్ళమ్మాయే నన్ను కాపాడింది.

"తాతగారూ, మీరిక్కడున్నారా! కొట్టు మూసి ఉంది. మీ వాచీ తెచ్చా."

గడియారాల పెద్దాయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "వాచీ అంటే వాచీ కాదు, ఎంత నడిచామో కూడా చెబుతుందిట. రిపేరుకొస్తే తెలియాలి కదా. విప్పి చూద్దామని..." అన్నాడు.

"సార్, మీ మిక్సీ కూడా బండిలోనే ఉంది" అంది ఆ అమ్మాయి బట్టల కొట్టాయనతో. ఆయన కిటికీలోంచి బయటికి చూడసాగాడు. గిన్నెల కొట్టావిడ నవ్వాపుకోలేక సోఫా మీద పడిపోయింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుంటూ, "నాది ఎల్లుండి వస్తుందమ్మా" అంది.

నేను చెప్పులు వేసుకున్నాను. నా కాలు చూసి కుట్టినట్టు పట్టాయి. గది ఆ చివర్నుంచి ఈ చివరికి నడిచాను. అద్దంలో కూడా చూసుకున్నాను. "బాగున్నాయి. మీ కొట్లో పెట్టొచ్చు కదా!" అన్నాడు బట్టల కొట్టాయన, మనస్ఫూర్తిగా.

పెట్టాను. తిరిగి కొట్టు తెరిచాక వెడల్పు చెప్పులకు ఒక అర కేటాయించాను. లేనివి లేవని చెప్పడం నేర్చుకున్నాను. వచ్చినవాళ్ళలో చెప్పులు ఎవరి కాళ్ళకో వాళ్ళతోనే మాట్లాడుతున్నాను. అమ్మకాలేమీ ఆకాశాన్నంటలేదు గానీ, నిచ్చెన ఎక్కడం తగ్గింది. వీధిలో ఎవరి కొట్టయినా మూసి ఉంటే వాళ్ళ పార్సిల్ నా దగ్గర వదిలి వెళ్తోంది ఆ అమ్మాయి. సంఘం తర్వాతి సమావేశంలో మురుగు కాలవ గురించి చాలా లోతుగా చర్చించాం. ఇంకే సంగతీ రాలేదు.

మొన్న మా వంటింటి కొళాయి కారడం మొదలుపెట్టింది. కొళాయిల కొట్టు మా కొట్టుకి నాలుగు దుకాణాల అవతల. నేను కుర్చీలోంచి లేవకుండా ఫోను తీశాను. అప్పుడే ఆ కొట్టాయన మా ముందు నుంచి నడిచి వెళ్ళాడు. కాళ్ళకు తళతళలాడే కొత్త బూట్లు. మా కొట్లోవి కావు. నేను ఫోను బోర్లా పెట్టాను. ఆయన కాస్త నడక పెంచాడు.

"బాగున్నారా?" అన్నాను.

"బ్రహ్మాండంగా!" అన్నాడు.