నల్ల శాలువాల ఊరు

పట్టేస్తే పట్టేయనీ మోకాళ్ళు, పైన ఆ కాలేజీ ఆవరణలో తన కూతురు, అక్కడి విద్యార్థులందరిలాగే, మడమల దాకా వేలాడే నల్ల శాలువా కప్పుకుని నిలబడాలి, ఎయితోర్ తన గది కిటికీలోంచి చూడాలి, ఆ పిల్ల ఎవరి కూతురో తెలిసి మొహం మాడిపోవాలి, అనుకుంటూ రాతిమెట్లు ఎక్కుతున్నాడు అన్సెల్మో, ముందు నడుస్తున్న బెనెదీత వెనక్కి తిరిగి, ఏం నాన్నా, అప్పుడే ఆయాసమా, ఉప్పుమడుల ఊరయితే అంతా చదును, సైకిలేసుకుని క్లాసుకి పోవచ్చు, అక్కడే చేరిపోనా, అని ఉడికిస్తోంది, వద్దు తల్లీ, అక్కడేముంది, గాలీ బురదవాసనా, పొద్దుగూకితే మూసేసే కాఫీ కొట్లూ, ఇక్కడ చూడు, కింద నది, వీధి వీధికీ పాట, కాలేజీ అంటే ఇదీ, అన్నాడు, మరి నువ్వు చదివింది అక్కడే కదా, అమ్మ దొరికింది అక్కడే కదా, అంది బెనెదీత, అన్సెల్మోకి సైకిలు వెనక కూర్చుని ఎదురుగాలికి తన వీపులో మొహం దాచుకునే గ్రాస గుర్తొచ్చింది, పోయేముందు కూడా ఆమె అదే మాట, వదిలెయ్యి అన్సెల్మో, వాడెప్పుడో మర్చిపోయి ఉంటాడు, మర్చిపోతే గుర్తుచేస్తా, అనుకున్నాడు మళ్ళీ.

ఈ ఊళ్ళో ఎవరూ ఎవర్నీ బలవంతపెట్టరు, అదే వీళ్ళ గొప్ప, కొత్తగా చేరినవాళ్ళు పెద్దవాళ్ళ కళ్ళలోకి చూడకూడదు, మొరగమంటే మొరగాలి, పాకమంటే పాకాలి, ఇష్టం లేకపోతే లేదని చెప్పి వెళ్ళిపోవచ్చు, కాకపోతే ఆ తర్వాత జన్మలో శాలువా లేదు, పక్కన కూర్చుని తినేవాడూ లేడు, తను ఇక్కడ చేరిన ఏడు, అక్టోబరు చలిలో ఫౌంటెన్ నీళ్ళలో తనను మోకరిల్లబెట్టి, పై ఏడాదివాడైన ఎయితోర్ ముక్కుతో సాగదీస్తూ, కళ్ళు కిందికి పశువా, నేలతల్లికి ముద్దు పెట్టు, అన్నప్పుడు అన్సెల్మో లేచి నిలబడ్డాడు, పెట్టను అన్నాడు, అంతే, కాలేజీలో ఉన్నన్నాళ్ళూ పొడుగాటి బల్ల దగ్గర ఒక్కడే తిన్నాడు, వడ్డించే మనిషి మాత్రం ఏమీ ఎరగనట్టు అతని కాబేజీ సూప్ అడుగున ఒక సాసేజీ ముక్క ఎక్కువ వేసేది, క్రిస్మస్‌కి ఇంటికెళ్ళినవాడు తిరిగి రాలేదు, ఉప్పుమడుల ఊళ్ళో చేరిపోయాడు, ఎయితోర్ మాత్రం ఇక్కడే ప్రొఫెసరయ్యాడు, ఫోటోలో బట్టతలా, పెద్దమనిషి నవ్వూ, నవ్వుకోరా నవ్వుకో, నా కూతురు ఈ ఊళ్ళో నెగ్గుకొచ్చి, పట్టా తీసుకున్న నాడు తన శాలువా నేలమీద పరిచి నాన్నా దీనిమీద నడువు అంటుందే, గౌరవమున్న వాళ్ళకి ఇక్కడ అలాగే పరుస్తారు, ఆ రోజు నీ ముందే మెల్లగా నడుస్తా, ఒక్కొక్క అడుగే.

ఆవరణలోకి వచ్చారు, మొహాలకి రంగులు పూసుకున్న కొత్తపిల్లలు వరసగా మోకాళ్ళ మీద ఉన్నారు, ఏప్రిల్ వచ్చినా ఇంకా వదల్లేదన్నమాట, శాలువాలో ఉన్న పిల్ల ఒకతె బెనెదీతని చూసి, వచ్చే ఏడాది చేరతావా, అయితే రా రా, ఇవాళ్టికి నువ్వే సీనియర్‌వి, వీళ్ళకో హుకుం వెయ్యి, అంటూ తన శాలువా తీసి ఆమె భుజాల మీద కప్పింది, అన్సెల్మో రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు, ఎంత బాగుంది, కొలిచి కుట్టినట్టుంది, ఎయితోర్ కిటికీ ఏదో, తెరిచి ఉందో లేదో, తల ఎత్తి వెతుకుతుంటే చెవిలో పడింది, కళ్ళు కిందికి పశువా, నేలతల్లికి ముద్దు పెట్టు, ముక్కుతో, సాగదీస్తూ, అన్సెల్మోకి ఒళ్ళంతా తడిసి చల్లబడినట్టయింది, అక్కడ నిలబడింది బెనెదీత, ఆమె కాళ్ళ దగ్గర బక్కపల్చటి పిల్ల ఒకతె వణుకుతూ వంగి రాతికి పెదవులు ఆనించింది, అందరూ చప్పట్లు కొట్టారు.

నాన్నా, ఎలా ఉంది, అచ్చం అలాగే అన్నానా, అని అరిచింది బెనెదీత నవ్వుతూ, మెప్పుకోసం చూస్తూ, అచ్చం అలాగే, అక్షరం పోలేదు, కానీ ఈ పిల్ల ఎయితోర్‌ని ఎన్నడూ చూడలేదే, వాడి గొంతు ఎన్నడూ వినలేదే, మరి ఎక్కడ నేర్చుకుంది, భోజనాల బల్ల దగ్గర, ఆ పిల్ల తన ఒళ్ళో కూర్చునే వయసునుంచీ, గ్రాస చాలించమని కంచాలు తీసేస్తున్నా వినకుండా, ప్రతిసారీ ఇంకాస్త సాగదీస్తూ, ఇంకాస్త రుచిగా ఆ మాటలు చెప్పింది తనే, నేను పెట్టను అన్న ముక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆపేసి లేచి వెళ్ళిపోయేవాడు, బెనెదీత ఇంతకాలం విన్నది ఎయితోర్‌ని కాదు, నాన్ననే.