తెరేసమ్మ అడిగిన మోత

యానాంలో గోదావరి గట్టుకి దగ్గర్లోనే జేవియర్ ఇల్లు. పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. ఏటా నవంబరు ఒకటిన, ఫ్రెంచివాళ్లు యానాం వదిలి వెళ్లిన విమోచన దినం సాయంత్రం, వాళ్ల వీధివాళ్లు గట్టు మీద బాణసంచా కాలుస్తారు. వత్తులు అంటించేది జేవియరే. మొదటి బాంబు పేలిందంటే చాలు, అతని తల్లి తెరేసమ్మ తలుపులు, కిటికీలు బిగించుకుని కూర్చునేది. డెబ్భై ఏడేళ్ల మనిషి, మోతకి హడలిపోతోంది కాబోలు అనుకునేవాడు జేవియర్. బాణసంచా అంటే అతనికి ప్రాణం. కానీ కాలుస్తున్నంతసేపూ మనసు ఇంటిమీదే ఉండేది.

ఆ ఏడు దీపావళి మర్నాడే విమోచన దినం పడింది. వారం ముందు వీధివాళ్లంతా కూర్చున్నప్పుడు జేవియర్ నోరు విప్పాడు.

“ఈసారి చప్పుడు లేనివే కాలుద్దావండి. చిచ్చుబుడ్లు, మతాబులు, రంగుల జువ్వలు. మా అమ్మ తట్టుకోలేపోతంది.”

వీధి సంఘం ప్రెసిడెంటు వీరభద్రరావు మొహం మాడిపోయింది. ఆయనది యానాం కాదు. పక్కనే ఆంధ్రాలో ఉన్న పల్లెటూరి నుంచి పదేళ్ల కిందట వచ్చి రొయ్యల మేత కొట్టు పెట్టాడు.

“మా ఊళ్లో ఆగస్టు పదిహేనుకి పిప్పరమెంటు బిళ్లలు పంచి ఇంటికి పంపేసేవోరండి. ఇక్కడికొచ్చాకే రెండో స్వాతంత్రం చూశాను. అలాంటిదానికి మోతే లేదంటే ఎలాగండీ?”

“మా అమ్మండి...” అన్నాడు జేవియర్.

ఆ ఒక్క మాటకి వీరభద్రరావు తగ్గిపోయాడు. “ఆయ్, అలాగేనండి. అమ్మగారి తర్వాతే ఏదైనా.”

విమోచన దినం సాయంత్రం వీరభద్రరావు భార్య మంగతాయారు స్వయంగా వచ్చి, “మామ్మగారూ, ఈసారి చప్పుడుండదు, రండి” అని తెరేసమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

చిచ్చుబుడ్ల వెలుగు నీళ్లమీద పడి బాగానే ఉంది. కానీ పది నిమిషాలకే పిల్లలు ఆవలింతలు మొదలెట్టారు. “టీవీ మ్యూట్‌లో పెట్టినట్టుంది” అని ఎవరో విసుక్కున్నారు. తెరేసమ్మ అటూ ఇటూ చూసి కేకేసింది.

“ఒరే జేవియరూ, మోతేదిరా?”

“నీకు పడదని మానిపించేశానమ్మా.”

“పడదని నీకెవరు చెప్పార్రా?”

“మరి ఏటా తలుపులేసుకుంటావు కదా?”

తెరేసమ్మ కొడుకుని దగ్గరికి పిలిచింది.

“నాకు ఏడుపొస్తదిరా. ఊరంతా సంబరం చేసుకుంటుంటే నేను ఏడుస్తూ కూచుంటే ఏం బాగుంటది? తెల్లోళ్లు పోయారని ఏడుస్తందనుకోరూ?” అని, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “మా పక్కింట్లో లూసీ అని ఉండేది. నా ఈడుదే, అప్పటికి ఏడేళ్లు. వాళ్ల నాన్న ఫ్రెంచి ఆఫీసులో గుమాస్తా, పాండిచ్చేరి నుంచి వచ్చాడు. జెండా మారిన రోజు పొద్దున్నే సామాన్లు బండికెత్తుకుని వెళ్లిపోయారు. బండి మలుపు తిరిగేదాకా ఏడ్చాను. సాయంత్రం మా అన్నయ్య ఊరేగింపులోంచి పరిగెత్తుకొచ్చి నన్ను భుజాలమీద ఎక్కించుకున్నాడు. ఈ గట్టుమీదే టపాకాయలు కాల్చారు. మోత మోతకీ కేరింతలు కొట్టాను. లూసీ పోయిన రోజే అంతలా ఎలా నవ్వానా అని ఇప్పటికీ బాధే. అలాగని ఆ రోజు రాకపోతే బాగుండునని ఎప్పుడూ అనుకోలేదురా. అన్నయ్యని అంత సంతోషంగా మళ్లీ చూళ్లేదు.”

జేవియర్ ఆమె కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాడు. యాభై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటూ ఒక్కసారైనా ఎందుకని అడగలేదే అనిపించింది అతనికి.

“ఏడుపొస్తే ఏడవండి మామ్మగారూ. ఇక్కడ మిమ్మల్ని ఎవరేమనుకుంటారు?” అంది మంగతాయారు.

మామ్మగారి మాటల అర్థం వీరభద్రరావుకి అప్పటికి తలకెక్కింది.

“అయితే మోత కావాలంటారు!” అని లేచి అరిచాడు. “ఎవరింట్లో ఏం మిగిలితే అవి పట్రండర్రా!”

జనం ఇళ్లకి పరిగెత్తారు. దీపావళికి కాల్చగా మిగిలినవి చేటల్లో, సంచుల్లో వచ్చిపడ్డాయి. వీరభద్రరావు తెచ్చిన సంచి నిండా లక్ష్మీబాంబులే.

“రాత్రి అన్నీ అయిపోయాయన్నారుగా నాతో!” అంది మంగతాయారు.

“నాగులచవితికి దాచానే” అన్నాడాయన, చూపు తప్పించి.

జేవియర్ మొదటి వత్తి అంటించి వెనక్కి ఉరికాడు. గట్టు అదిరింది. తెరేసమ్మ ఉలిక్కిపడి చెవులు మూసుకుంది, అంతలోనే చేతులు తీసేసింది. కళ్లవెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి, బోసినోరు నవ్వుతూనే ఉంది. ఆ రెంటిలో దేన్నీ ఆపుకోవాలని ఆమె ప్రయత్నించలేదు.

“ఇంకోటి వెయ్యరా!” అంది.

చివరి సీమటపాకాయల సరం పేలి, జనం ఇళ్లదారి పట్టాక, మంగతాయారు ఆమెకి చెయ్యందిస్తూ అడిగింది. “లూసీ మళ్లీ కనిపించిందా మామ్మగారూ?”

“లేదే అమ్మాయ్. ఎక్కడుందో ఏమో. వెళ్లేనాటికే ముందు పళ్లు రెండూ లేవు దానికి. ఇప్పుడు నాకు మల్లేనే అన్నీ ఊడిపోయుంటాయి” అంటూ తెరేసమ్మ పకపకా నవ్వింది.