అట్ట గడియారంలో పదీ పది

మా ఆయన గడియారాలు బాగుచేస్తారు. "మా ఆయన" అని రాయడం నాకింకా కొత్త. పెళ్లయి నాలుగు నెలలైనా కాలేదు కాబట్టి ఆ మాట ఈ కథలో కావలసిన దానికంటే నాలుగైదు సార్లు ఎక్కువే వస్తుంది. సర్దుకుపోండి.

పెళ్లి కానుకల్లో మాకు మొదట అందింది పార్కింగ్ జరిమానా. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు చేశాం. బయట మెట్ల మీద కూర్చుని ఒకే ఐస్‌క్రీమ్ ఇద్దరం తిన్నాం. చేతులు తుడుచుకోవడానికి రుమాలు దొరక్క నవ్వుకుంటూ వ్యాన్ దగ్గరికొస్తే, వైపర్ కింద పసుపుపచ్చ కాగితం రెపరెపలాడుతోంది. ఎవరో శుభాకాంక్షలు రాసి పెట్టారనుకున్నాను. ఒట్టు. విప్పి చదివేదాకా నా మొహం వెలిగిపోతూనే ఉంది.

ఆ వీధిలో రెండు గంటలపాటు బండి ఊరికే ఆపుకోవచ్చు. అందుకని ప్రతి బండిలోనూ ఒక అట్ట గడియారం ఉంటుంది. ఆపగానే దాని ముళ్లు చేత్తో తిప్పి, వచ్చిన టైము పెట్టి, ముందు అద్దం దగ్గర కనపడేలా ఉంచాలి. మా అట్ట పది గంటల పది నిమిషాలు చూపిస్తోందని, పార్కింగ్ ఉద్యోగి వచ్చి చూసింది పన్నెండూ నలభై ఐదుకని, అంటే ముప్పై ఐదు నిమిషాలు ఎక్కువ ఉన్నామని కాగితం సారాంశం.

"పదీ పదికి మీరు మా గుమ్మంలోనే ఉన్నారు కదండీ! మా అక్క నా జడపిన్నుల కోసం ఇల్లంతా తిరగేస్తోంది."

మా ఆయన లోపలికి వంగి అట్ట వంక చూశారు. ఆ తర్వాత మెల్లగా నుదురు కొట్టుకున్నారు.

గడియారాల షాపులో నడవని గడియారాలన్నిటికీ ముళ్లు పదీ పది దగ్గరే పెడతారు. అలా పెడితే గడియారం నవ్వుతున్నట్టుంటుందట, కొనేవాళ్లకి ముచ్చటేస్తుందట. పన్నెండో ఏట నుంచీ అదే పని చేసిన చెయ్యి కదా, పెళ్లి కంగారులో అట్ట గడియారం దొరగ్గానే దాన్నీ నవ్వించి పెట్టేసింది. అసలు ఎన్నింటికి వచ్చారంటే ఆయనకి గుర్తులేదు. నాకు ఆ రోజు నా పేరే సరిగ్గా గుర్తులేదు.

జరిమానా కట్టేసి ఊరుకుంటే సరిపోయేది. కానీ అది ఆ ఏడాదిలో మూడోది. మా షాపున్న సందులోకి పర్మిట్ ఉన్న బండినే రానిస్తారు. మూడు జరిమానాలు పడితే ఆ పర్మిట్ ఆరు నెలలు ఆపేస్తారు. అప్పుడు వ్యాన్‌ని నాలుగు వీధుల అవతల బస్ డిపో పక్కన వదిలి రావాలి. గడియారాలనైతే మోసుకురావచ్చు. మామయ్యగారిని ఎవరు మోస్తారు?

మామయ్యగారి మోకాళ్లు ఇంటి మెట్లు దిగడానికే బేరాలాడతాయి. అయినా రోజూ పొద్దున్నే వ్యాన్‌లో వచ్చి, షాపు గుమ్మం ముందు దిగి, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటారు. నలభై నాలుగేళ్లుగా అదే బల్ల. అక్కడ కూర్చోని రోజున ఆయన అన్నం కూడా సరిగ్గా తినరని మా ఆయన పెళ్లికి ముందే చెప్పారు.

జరిమానా సంగతి విని మామయ్యగారు నవ్వేశారు. "కంగారేముందమ్మాయ్! ఆరు నెలలు ఇంట్లో కూర్చుంటా. ఇంటి గోడల్లో ఎన్ని పగుళ్లున్నాయో ఎప్పుడూ తీరిగ్గా చూళ్లేదు."

అన్నారే గానీ, ఆ సాయంత్రం షాపు నుంచి తన కంటి భూతద్దం జేబులో వేసుకొచ్చి ఇంట్లో కిటికీ గట్టు మీద పెట్టారు. అది ఏనాడూ బల్ల సొరుగు దాటి రాలేదట. దాన్ని చూశాక అప్పీలు రాయాల్సిందేనని నేను కూర్చున్నాను.

కాలేజీలో వ్యాసాలకి బహుమతులు తెచ్చుకున్నదాన్ని. నాలుగు పేజీలు రాశాను. మా ఆయన చదివి తలెత్తారు.

"ఇది అప్పీలా, ప్రేమలేఖా?"

"రెండూను."

"ఐస్‌క్రీమ్ ఏ రుచో వాళ్లకెందుకే?"

"మన మనఃస్థితి తెలియొద్దా మరి?"

"నా మనఃస్థితి తెలిస్తే ఇంకో జరిమానా వేస్తారు. కొట్టెయ్."

కొట్టేసి కొట్టేసి ఒక పేజీకి దించాను. సాక్ష్యం ఏమైనా ఉందా అని పెళ్లి ఫోటోలు తిరగేస్తుంటే దొరికింది! మేమిద్దరం రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కుతుంటే మా అక్క తీసిన ఫోటో. వ్యాన్ ఆపి నేరుగా మెట్ల దగ్గరికే నడిచాం. ఫోటోలో నేను పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాను. మా తలల మీద, తలుపు పైన, ఆఫీసువాళ్ల పెద్ద గడియారం. అందులో సరిగ్గా పదకొండు. పదకొండుకి వస్తే ఒంటిగంట దాకా గడువుంటుంది, పన్నెండూ నలభై ఐదుకి మాది తప్పే కాదు!

"ఏవండీ, మెట్ల మీది ఫోటో అప్పీలుకి జత చేస్తున్నా."

"చెయ్యి, బాగుంటుంది" అన్నారు మా ఆయన ఒక చేతిగడియారం వెనక మూత విప్పుతూ. అదే ఫోటో ఆయన బల్ల మీద, స్క్రూల డబ్బా పక్కన, ఫ్రేములో ఉంది. రోజుకి ఇరవైసార్లు చూస్తారు.

విచారణకి మమ్మల్ని మూడో అంతస్తులో ఒక చిన్న గదికి పిలిచారు. బల్లకి దారంతో కట్టిన పెన్ను, మూలన నీళ్ల క్యాను, గోడకి పోయినేటి క్యాలెండరు. అధికారి ఒక పెద్దావిడ. అప్పీలు రెండోసారి చదివి కళ్లజోడు కిందికి జార్చింది.

"అలవాటులో పదీ పది పెట్టేశానంటారు. అట్టని చేత్తో పట్టుకుని చూడకుండా ఎలా తిప్పుతారండీ?"

"చూస్తూనే తిప్పుతాను మేడమ్. అది టైమని తోచదు."

ఆవిడ సొరుగులోంచి ఒక అట్ట గడియారం తీసి ఆయన చేతికిచ్చింది. "సరే, ఇది పట్టుకోండి. మా ఇంట్లో ఒక గోడగడియారం ఉంది. చలికాలం రాగానే ఆగిపోతుంది. ఎందుకంటారు?"

అంతే. మా ఆయన మొహం మారిపోయింది. "లోలకం ఉన్నదేనా? బయటి గోడకి తగిలించారా? చివరిసారి నూనె ఎప్పుడు వేయించారు? నూనె చిక్కబడితే చలికి లోలకం బద్ధకిస్తుంది మేడమ్. ముందు లోపలి గోడకి మార్చి చూడండి, డబ్బు ఖర్చు లేకుండా పోతుంది..."

"ఆ అట్ట ఇలా ఇవ్వండి."

అట్టలో పది గంటల పది నిమిషాలు. అప్పుడు టైము మూడున్నర. ఆవిడ నవ్వాపుకోవడానికి కళ్లజోడు తుడుచుకుంది. నేనైతే ఆపుకోలేదు.

"అలవాటు సంగతి ఒప్పుకున్నాను" అంటూ ఆవిడ ఫోటో తీసింది. "ఇక ఇది. గడియారంలో పదకొండు కనిపిస్తూనే ఉంది. పన్నెండూ నలభై ఐదుకి మీరు గడువులోనే ఉన్నారు. అప్పీలు అంగీకరిస్తూ..." పెన్ను దారం సాగింది.

మా ఆయన ముందుకి వంగి ఫోటో చూశారు. ఏదో పళ్లచక్రం అరిగిందని కనిపెట్టినప్పుడు ఆయన ఊపిరి బిగబడతారు. పెళ్లయిన ఏడు వారాల్లోనే అది నాకు బాగా తెలిసిపోయింది. ఇప్పుడూ అలాగే బిగబట్టారు.

"మేడమ్, ఒక్క నిమిషం. ఈ గడియారం ఇరవై నిమిషాలు ముందుంది."

బల్ల కింద ఆయన కాలు తొక్కాను.

"చెప్పనీవే" అన్నారు మెల్లగా.

అప్పుడు నాకూ గుర్తొచ్చింది. మెట్లెక్కుతుంటే ఆయన నా చెవి దగ్గరికి వంగారు. పెళ్లిరోజు, మెట్ల మీద, చెవిలో! ఏం చెబుతారోనని నా గుండె ఆగినంత పనైంది. "ఆ గడియారం ఇరవై నిమిషాలు ముందుంది, చూశావా?" అన్నారు. ఫోటోలో నేను పగలబడి నవ్వుతున్నది ఆ మాటకే.

అధికారి పెన్ను కింద పెట్టింది. "వచ్చిన టైము గుర్తులేదన్నారు కదా?"

"టైము గుర్తుండదు మేడమ్, తేడా గుర్తుంటుంది. గడియారం కనపడితే నా చేతిగడియారంతో సరిచూసుకుంటాను. ఇరవై నిమిషాలు, కచ్చితం."

"అంటే మీరు వచ్చింది పదీ నలభైకి. పన్నెండూ నలభైకి గడువు అయిపోయింది. ఐదు నిమిషాలు ఎక్కువున్నారు."

"అవును మేడమ్."

"ఇది మీకు మూడోదని తెలుసా?"

"తెలుసు." ఆయన గొంతు కొంచెం తగ్గింది. "మా నాన్న నడవలేరు. అందుకే వచ్చాం."

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"నాకు తెలుసు కదండీ. రేపు ఆ ఆఫీసువాళ్లు అదే గడియారం బాగుచెయ్యమని నా దగ్గరికి తెస్తే, ఏ మొహం పెట్టుకుని తీసుకోను?"

ఆవిడ నా వైపు తిరిగింది. "మీరేమంటారమ్మా?"

నా కళ్ల ముందు కిటికీ గట్టు మీది భూతద్దం కదిలింది. పక్కన చూస్తే ఈయన, బెత్తం దెబ్బకి చెయ్యి చాచిన బడిపిల్లాడిలా కూర్చున్నారు. తొక్కుతున్న కాలు తీసేశాను.

"నిజమే మేడమ్. ఆ ఐదు నిమిషాలూ ఐస్‌క్రీమ్‌వి. మొదట నాలుగు పేజీల్లో రాశాను. ఈయనే కొట్టేయించారు."

జరిమానా అలాగే ఉంది. ఐదు నిమిషాలైనా ఎక్కువ ఎక్కువేనని, లెక్కలో మూడోది మూడోదేనని ఆవిడ చెప్పింది. పర్మిట్ ఎన్నాళ్లు ఆపాలన్నది మాత్రం ఆవిడ చేతిలో ఉందట. ఆరు నెలలు కొట్టేసి రెండు నెలలని రాసింది.

మెట్లు దిగుతూ అడిగాను. "రోజూ ఆ ఫోటో చూస్తారు కదా! ఇన్నాళ్లూ అందులో గడియారం కనపడలేదా?"

"ఫోటోలో నువ్వున్నావుగా" అన్నారు మా ఆయన, అందులో వింతేముందన్నట్టు.

కోపం తెచ్చుకుందామనుకున్నాను. మిగిలిన పద్దెనిమిది మెట్లూ దిగేలోపు ఒక్క మెట్టు మీదా రాలేదు.

షాపులో మామయ్యగారికి మొత్తం చెప్పాం. ఆయన మొదట అడిగింది, "వెనకుందా, ముందుందా?"

"ముందుంది నాన్నా, ఇరవై."

"రిజిస్ట్రారు ఆఫీసులో ఇరవై నిమిషాలా! ఎంతమంది తొందరపడి పెళ్లిళ్లు చేసేసుకుంటున్నారో." కాసేపు బల్ల మీది దుమ్ము వేలితో తుడిచారు. "పర్మిట్?"

"రెండు నెలలు ఆపారు."

మామయ్యగారు చేతికర్ర అందుకున్నారు, మళ్లీ గోడకి ఆనించారు. "రేపు ఎన్నింటికి బయల్దేరదాం?"

"నడవలేవు నాన్నా."

"నడవలేనని నాకు తెలీదా? కాస్త నడుస్తా, కాస్త కూర్చుంటా. అమ్మాయ్, మీ ఇంటి నుంచి ఒక మడత స్టూలు తెచ్చావు కదూ?"

అలా మొదలైంది. మా ఆయన వ్యాన్‌ని డిపో పక్కన ఆపి, గడియారాలు మోసుకుని ముందు వెళ్లిపోతారు. వెనకాల మామయ్యగారూ నేనూ. నా ఒక చేతికి ఆయన, ఇంకో చేతికి స్టూలు. దర్జీ కొట్టు ముందు ఒకసారి, పోస్టుపెట్టె దగ్గర ఒకసారి, తాళాల కొట్టు ముందు ఒకసారి స్టూలు వేస్తాను. ఆయన కూర్చుని చేతిగడియారం చూసుకుంటారు. మొదటిరోజు నలభై ఒక్క నిమిషాలు పట్టింది. ఇప్పుడు ముప్పై మూడు.

"మీ ఆయన నిజాయితీ నా మోకాళ్ల మీద నడుస్తోందమ్మాయ్" అంటారు స్టూలు మీంచి లేచినప్పుడల్లా. రాత్రుళ్లు నొప్పికి మూలుగుతారు కూడా, దాచను. కానీ భూతద్దం మాత్రం మర్నాడే సొరుగులోకి వెళ్లిపోయింది.

సోమవారం పర్మిట్ తిరిగొస్తుంది. మామయ్యగారు రోజులు లెక్కపెడుతున్నారు, ఆయన మోకాళ్లూ లెక్కపెడుతున్నాయట. సందు మొదట్లోంచి గుమ్మం దాకా వ్యాన్‌లో కాలు మీద కాలేసుకుని వస్తానని ఇప్పటికే దర్జీతో చెప్పుకున్నారు. పోస్టుపెట్టె దగ్గర నీడ బాగుంటుంది. అక్కడ ఆయన చిన్నప్పటి మా ఆయన సంగతులు చెబుతారు, రోజుకొకటి. ఏడేళ్ల వయసులో ఇంట్లో అలారం విప్పేసి, చక్రాలు దిండు కింద దాచుకున్న సంగతి నిన్ననే మొదలైంది. సగంలో ఆగింది.

స్టూలు వ్యాన్‌లోనే ఉంచమన్నాను. ఎందుకని మా ఆయన అడగలేదు. అట్ట గడియారం మాత్రం ఇక నుంచీ నేనే తిప్పుతాను.